పచ్చటి దడికి ఏ మొక్క మంచిది? డురాంటా, మురయా, నూరువరహాలు, ఫైకస్ పోలిక

ఇంటి చుట్టూ పచ్చటి దడి వేసుకుందామనుకునేవాళ్ళు నర్సరీకి వెళ్ళగానే అడిగేది ఒక్కటే, ఏది తొందరగా పెరుగుతుంది అని. ఎనిమిదేళ్ళ క్రితం నేనూ అదే అడిగాను. వాళ్ళు గోల్డెన్ డురాంటా ఇచ్చారు, చెప్పినట్టే ఏడాది తిరిగేసరికి అది నడుమెత్తు పెరిగింది కూడా. కానీ ఆ తొందర ఏడాదితో ఆగిపోదు కదా. మనకు కావలసిన ఎత్తు వచ్చాక కూడా మొక్క అదే వేగంతో పెరుగుతూనే ఉంటుంది, పెరిగినదంతా మనమే కోయాలి, కోసినదంతా మనమే ఊడ్చి ఎత్తాలి, దడి ఉన్నన్నాళ్ళూ. అందుకే ఇప్పుడు నన్నెవరైనా అడిగితే ముందు నేనే అడుగుతాను, నెలకు ఎన్ని గంటలు కత్తెర పట్టుకోగలరు అని. దానికి ఉన్నదున్నట్టు జవాబు చెప్పుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

ఏడాది పొడవునా ఆకు రాల్చకుండా పచ్చగా ఉండే దడి మొక్కలు చాలా ఉన్నాయి. వేడి ప్రాంతాల్లో, అంటే చలికాలంలో మంచు గడ్డకట్టని చోట్ల, ఎక్కువమంది చూసేవి నాలుగు: గోల్డెన్ డురాంటా, మురయా, నూరువరహాలు, ఫైకస్. ముఖ్యంగా వీటి గురించే రాస్తున్నాను. చలి దేశాల్లో ఉన్నవాళ్ళకు పనికొచ్చేవి తర్వాత చెబుతాను.

మొక్క కంటే ముందు చోటు చూడండి

మొక్క పేరు తేల్చుకునే ముందు దడి వేసే చోట ఎండ ఎన్ని గంటలు పడుతోంది, నీళ్ళు నిలుస్తున్నాయా, పక్కన గోడో బాటో ఎంత దూరంలో ఉంది అనేవి చూసుకోవాలి. ఎండ సంగతి ఒక్క పూట చూసి తేల్చొద్దు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు వెళ్ళి నిలబడి చూడండి, ఎందుకంటే దడి పొడుగ్గా ఉంటుంది, ఒక కొస ఎండలోనూ ఇంకో కొస చెట్టు నీడలోనూ ఉంటే ఒకే రకం మొక్క రెండు రకాలుగా పెరుగుతుంది, చివరికి ఒక పక్క గోడలా, ఇంకో పక్క పళ్ళూడిన దువ్వెనలా తయారవుతుంది. నీళ్ళు నిలుస్తాయో లేదో తెలుసుకోవడానికి అడుగు లోతు గుంత తవ్వి నిండా నీళ్ళు పోయండి, అవి ఇంకాక మళ్ళీ నింపండి. రెండోసారి పోసిన నీళ్ళు నాలుగైదు గంటల్లో ఇంకిపోతే ఇబ్బంది లేదు. మర్నాటికి కూడా అడుగున నీళ్ళు కనిపిస్తుంటే మాత్రం నేను చెప్పే మొక్కల్లో దేనికైనా వేరు కుళ్ళు తప్పదు, అక్కడ మట్టిని గట్టులా ఎత్తు చేసి దాని మీద నాటాలి.

గోడ దూరం చాలామంది పట్టించుకోరు. దడి పైకే కాదు, అడ్డంగా కూడా పెరుగుతుంది, కనీసం రెండు రెండున్నర అడుగుల మందం వస్తుంది. గోడకు ఆనించి నాటితే వెనక వైపు కత్తిరించడానికి చెయ్యి దూరదు. మొక్క మొదలుకీ గోడకీ మధ్య రెండున్నర అడుగులైనా వదలండి.

గోల్డెన్ డురాంటా: వేగం కావాలంటే

దీని మంచి ముందు చెబుతాను. చవిటి నేల కాకపోతే దాదాపు ఏ మట్టిలోనైనా బతుకుతుంది, జానెడు కొమ్మ ముక్క గుచ్చితే వేళ్ళు పోసుకుంటుంది, నిండు ఎండలో చిగురు నిమ్మపండు రంగులో మెరుస్తుంది. దూరం నుంచి చూస్తే పూలు లేకపోయినా తోట వెలిగినట్టుంటుంది. ఆ పసుపంతా ఎండ వల్లే. నీడలో పెడితే కొన్ని నెలల్లోనే మామూలు లేతాకుపచ్చకు తిరిగిపోతుంది, అప్పుడు దీన్ని పెట్టుకోవడంలో అర్థమే లేదు.

ఇక కత్తెర పని. చిగురు వేసే కాలంలో మూడు నాలుగు వారాలకొకసారి కత్తిరించాల్సిందే. రెండు నెలలు వదిలేస్తే దడి రూపు పోయి పొదలా అయిపోతుంది. నా దడి మూడో ఏడులో ఉండగా లోపల పిట్టగూడు ఉందేమోనని ఒక రోజు రెండు చేతులతో కొమ్మలు విడదీసి చూశాను. బయటికి అంత నిండుగా కనిపిస్తున్న ఆ గోడలో పచ్చదనం జానెడు కూడా లేదు. లోపలంతా గోధుమ రంగు పుల్లలు, ఒక్క ఆకు లేదు. ప్రతి పుల్ల కొసనా ఒకే గీత మీద మళ్ళీ మళ్ళీ కోసిన చోట ముడి కట్టుకుపోయింది, ఆ ముడి నుంచి నాలుగైదు సన్నటి చిగుళ్ళు చీపురు పుల్లల్లా బయటికొచ్చాయి. ప్రతిసారీ పై పైన ఒకే మట్టంలో కోస్తే జరిగేది ఇదే. పైపొర దట్టమైపోయి లోపలికి వెలుతురు పోదు, వెలుతురు లేని కొమ్మకు ఆకు నిలవదు.

దానికి విరుగుడు ఉంది. కత్తిరించిన ప్రతిసారీ అక్కడక్కడా కొన్ని కొమ్మల్ని ప్రూనర్‌తో, అంటే ఒంటి చేత్తో పట్టుకుని కొమ్మలు కోసే చిన్న కత్తెరతో, మూరెడు లోపలికి వెళ్ళి కోయాలి. చిన్న చిన్న కిటికీలు తెరిచినట్టు అన్నమాట. ఆ సందుల్లోంచి ఎండ దిగుతుంది, లోపలి కొమ్మలు మళ్ళీ చిగురిస్తాయి. అప్పటికే చేయి దాటిపోయిన దడిని వానలు మొదలవగానే అడుగు ఎత్తుకు నరికేసినా డురాంటా తట్టుకుంటుంది. నేను అలాగే చేశాను, రెండు మూడు నెలల్లో మొదలు నుంచి గుబురుగా వచ్చింది. ఆ ఓర్పు విషయంలో దీనికి నూటికి నూరు మార్కులు ఇస్తాను.

పిల్లలు, కుక్కలు తిరిగే ఇల్లయితే ఒక విషయం మర్చిపోకండి. డురాంటా కాయలు చిన్న పసుపు పూసల్లా గుత్తులుగా వేలాడతాయి, చూడ్డానికి ముద్దొస్తాయి, కానీ అవి విషం. ఆకు కూడా మంచిది కాదు. తరచూ కత్తిరించే దడికి పూత, కాయ పెద్దగా రావు, పూలు కొమ్మ కొసల్లోనే వస్తాయి కాబట్టి. కత్తిరింపు మానేసిన ఏడాదే కాయలు కనిపిస్తాయి. కొన్ని రకాలకు ముళ్ళు కూడా ఉంటాయి, కొనేటప్పుడు కొమ్మను వేళ్ళతో తడిమి చూడండి. ఆ కాయలు పిట్టలు తిని గింజలు ఎక్కడెక్కడో వేస్తాయి. ఆస్ట్రేలియాలో కొన్ని చోట్ల ఇది కలుపు మొక్కగా మారింది కూడా.

మురయా: ఓపిక ఉంటే ఇదే

కామిని, మధుకామిని అని నర్సరీల్లో పిలిచేది ఇదే. నిమ్మ, కరివేపాకు కుటుంబం. ఆకు నలిపితే ఆ చుట్టరికం వాసనలో తెలుస్తుంది. ముదురాకుపచ్చ, నూనె రాసినట్టు నిగనిగలాడే చిన్న ఆకులు. మంచి వాన పడ్డాక కొద్ది రోజుల్లో దడి మొత్తం ఒక్కసారి తెల్లగా పూస్తుంది. సాయంత్రం తలుపు తీస్తే గుమ్మం దాకా వాసన వస్తుంది, తేనెటీగలు పొద్దున్నే ఆ తెలుపులో మునిగి కనిపిస్తాయి. రెండు మూడు రోజులకు పూరేకులన్నీ రాలి కింద మంచు పడ్డట్టుంటుంది. వేడి ప్రాంతాల్లో ఇది ఏడాదిలో ఒక్కసారి కాదు, చాలాసార్లు జరుగుతుంది.

కానీ మొదటి ఏడాది టెన్షన్ పెడుతుంది. నాటి ఆరు నెలలైనా నాటిన రోజు ఎంత ఉందో అంతే ఉన్నట్టనిపిస్తుంది. చాలామంది అప్పుడే ఓపిక పోయి యూరియా చల్లడమో, పీకేసి డురాంటా పెట్టుకోవడమో చేస్తారు. ఆ పని మాత్రం చేయకండి. ఆ ఏడాది అది వేళ్ళ పనిలో ఉంటుంది, రెండో ఏడు నుంచి కదులుతుంది. నా మురయా నాలుగడుగుల నిండు దడి కావడానికి మూడేళ్ళు పట్టింది. ఇప్పుడు దానికి ఏడాదికి మూడు నాలుగు కత్తిరింపులు చాలు, మధ్యలో ఒక నెల ఊరెళ్ళొచ్చినా రూపు చెడిపోదు. డురాంటాతో గడిచిన ఆదివారాలు గుర్తొస్తే ఆ మూడేళ్ళ ఎదురుచూపు నాకు నష్టం అనిపించలేదు.

కత్తిరించే వేళ దీనికి ముఖ్యం. పూత రాలిపోయిన వెంటనే కత్తిరించండి. మొగ్గలు కట్టాక కత్తెర పెడితే ఆ విడత పూలన్నీ పోయినట్టే. పూత తర్వాత కోయడం వల్ల ఇంకో లాభం, ఎర్రటి చిన్న కాయలు కట్టకముందే పోతాయి, గింజలు పడి ఎక్కడపడితే అక్కడ మొలవవు. కత్తెర మొద్దుదైతే ఆకు తెగకుండా నలుగుతుంది, రెండు రోజులకు ఆ అంచులన్నీ గోధుమ రంగుకు తిరిగి దడంతా మాడినట్టు కనిపిస్తుంది. పదును పెట్టించిన కత్తెరతో కోసి, సగం తెగి వేలాడే రెమ్మల్ని చేత్తో ఏరేస్తే ఆ సమస్య ఉండదు.

దీని బలహీనతలు కూడా చెప్పాలి. పెరట్లో నిమ్మ, బత్తాయి, నారింజ చెట్లు ఉంటే మురయా దడి పెట్టొద్దని గట్టిగా చెబుతాను. ఆ చెట్లను పాడుచేసే గ్రీనింగ్ తెగులును ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మోసుకెళ్ళే సిల్లా పురుగుకు మురయా లేత చిగురంటే మహా ఇష్టం, అక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తుంది. గ్రీనింగ్ వచ్చిన నిమ్మజాతి చెట్టును నయం చేసే మందు లేదు. ఇక సున్నం ఎక్కువున్న నేలలో ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి, అది ఇనుము అందక. వేళ్ళకు నులిపురుగులు పట్టే గుణమూ ఉంది. వేళ్ళ మీద ముడులు కనిపించే మొక్కను ఊరికే ఇచ్చినా తెచ్చుకోవద్దు. నీళ్ళు నిలిస్తే అసలు ఓర్చుకోదు. సగం నీడను మాత్రం బాగా తట్టుకుంటుంది, పూలు తగ్గుతాయి గానీ ఆకు పచ్చదనం తగ్గదు.

నూరువరహాలు: పూల కోసం, తక్కువ ఎత్తుకి

నడక దారి పక్కన మోకాలి ఎత్తు దడికి ఇది చాలా బాగుంటుంది. దక్షిణ భారతం, శ్రీలంక దీని పుట్టిల్లు. ఎర్రటి గుత్తులు నెలల తరబడి ఉంటాయి. కానీ గోడలా నున్నగా, అంచులు గీత గీసినట్టు ఉండాలనుకుంటే నూరువరహాలు వద్దు, ఎందుకంటే పూలన్నీ కొమ్మ కొసనే వస్తాయి, కొసలన్నీ సమానంగా కోస్తూ పోతే మీకు మిగిలేది పూలు లేని మామూలు పొద. వాడిన గుత్తిని ఒక ఆకు జత కిందికి ప్రూనర్‌తో తుంచడం, ఏడాదికొకసారి రూపు దిద్దడం, ఇదే దీని పద్ధతి.

దీనికి ఆమ్ల నేల కావాలి. సిమెంటు గోడ పక్కన, కాంక్రీటు బాట అంచున నాటినవాటికి కొత్త ఆకులు పసుపెక్కడం నేను ఎన్నోసార్లు చూశాను. వాన నీటితో సిమెంటులోని సున్నం మట్టిలోకి దిగుతుంది, అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. చీలేటెడ్ ఐరన్, అంటే మొక్క తేలిగ్గా తీసుకోగల రూపంలో ఉన్న ఇనుము, పిచికారీ చేస్తే కొన్నాళ్ళు పచ్చబడుతుంది గానీ చోటు మార్చకుండా ఎన్నిసార్లు కొట్టినా అది తాత్కాలికమే.

ఫైకస్: ఇంటి దగ్గర నేనైతే వద్దంటాను

దట్టంగా, తొందరగా, పొడుగ్గా పెరిగే గోడ కావాలంటే ఫైకస్‌ని మించింది లేదు, అది నిజం. కానీ అది మర్రి, రావి జాతి. దడిలా కత్తిరించినంత మాత్రాన అది పొద అయిపోదు, లోపల అది చెట్టే. వదిలేస్తే ఫైకస్ బెంజమినా 30 మీటర్ల దాకా పెరగగలదు, వేళ్ళు కూడా ఆ లెక్కలోనే పోతాయి. నీళ్ళ పైపులు, డ్రైనేజీ, బాట పలకలు, కాంపౌండ్ గోడ పునాది, అన్నిటి కిందికీ వెళ్తాయి. కోసినప్పుడు కారే పాలు కొందరికి చర్మం మీద దురద పుట్టిస్తాయి. కొత్త ఆకులు మధ్యకు మడుచుకుపోయి కనిపిస్తే ఒక దాన్ని విప్పి చూడండి, లోపల సన్నటి నల్ల తామర పురుగులు పాకుతుంటాయి. కట్టడాలకు దూరంగా పెద్ద ఖాళీ స్థలం ఉంటే పెట్టుకోండి, లేదంటే కుండీల్లో పెట్టి సరిపెట్టుకోండి.

మిగతావాటి గురించి క్లుప్తంగా. గన్నేరు ఎండకు, ఉప్పు గాలికి రాయిలా నిలబడుతుంది, కానీ ఆకు నుంచి పూల దాకా అంతా విషమే, కోసిన కొమ్మలు తగలబెడితే వచ్చే పొగ కూడా మంచిది కాదు. చిన్నపిల్లలున్న ఇంటికి నేను చెప్పను. గోరింట నీళ్ళు తక్కువైనా బతికే మొండి మొక్క, ముదిరిన కొమ్మలకు ముళ్ళుంటాయి కాబట్టి కంచెగా పనికొస్తుంది, కాకపోతే బాగా ఎండిన కాలంలో ఆకు పలచబడుతుంది. సముద్రం పక్కన ఇసుక నేలయితే క్లెరోడెండ్రమ్ ఇనర్మె చూడండి, ఉప్పుకు భయపడదు. థూజా అందంగా ఉంటుంది గానీ ఒక షరతు ఉంది, ఆకు లేని పాత కొమ్మలోకి కోస్తే అక్కడ మళ్ళీ చిగురు రాదు, ఆ బోడి మచ్చ అలాగే మిగిలిపోతుంది.

మంచు పడే చోట్ల ఉన్నవాళ్ళకు మురయా, నూరువరహాలు నేల మీద నిలవవు. అక్కడ బాక్స్‌వుడ్ పాత పేరున్న దడి మొక్క, చాలా నెమ్మదిగా పెరుగుతుంది, ఏడాదికి ఒకటి రెండు కత్తిరింపులు చాలు. అయితే ఇప్పుడు కొత్తగా పెట్టేవాళ్ళు ఆలోచించుకోవాలి, ఎందుకంటే ఆకులన్నీ రాల్చేసే బాక్స్ బ్లైట్ అనే శిలీంధ్ర తెగులు 1990ల నుంచి పాకుతోంది, దానికి తోడు తూర్పు ఆసియా నుంచి వచ్చిన బాక్స్ చిమ్మట 2007లో యూరప్‌లో కనిపించింది, దాని గొంగళి పురుగులు పట్టించుకోకపోతే మొక్కను పుల్లల్లా మిగులుస్తాయి. ఆ తంటా వద్దనుకుంటే ఎర్ర చిగురు వేసే ఫోటీనియా, లేదా ప్రివెట్ చూడండి. ప్రివెట్ మరీ గట్టి చలిలో కొంత ఆకు రాలుస్తుంది, డురాంటా లాగే కత్తెర పని కూడా ఎక్కువ.

మరి మీకు ఏది?

ఎండ బాగా ఉంది, నెలకు ఒక పూట ఇవ్వగలరు, రంగు కావాలి, ఇంట్లో చిన్నపిల్లలు లేరు అంటే డురాంటా. మూడేళ్ళు ఆగగలరు, ఆ తర్వాత ప్రశాంతంగా ఉండాలి, నిమ్మ చెట్లు లేవు అంటే మురయా, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. మోకాలి ఎత్తు చాలు, పూలే ముఖ్యం, మట్టిలో సున్నం లేదు అంటే నూరువరహాలు. అద్దె ఇల్లు, రెండేళ్ళలో మారిపోతారంటే మురయా పెట్టి దాని అందం చూడకుండా వెళ్ళిపోవడం ఎందుకు, డురాంటానే పెట్టుకోండి. రెండింటి మంచీ కావాలని ముందు వరసలో డురాంటా, వెనక మురయా పెట్టినవాళ్ళను చూశాను. రెండేళ్ళకు డురాంటా నీడ కింద మురయా నలిగిపోయింది, వేగం తేడా ఉన్నవాటిని పక్కపక్కన పెట్టొద్దు.

నాటడం, కత్తిరించడం

విడివిడి గుంతల కంటే పొడుగ్గా ఒకే కాలువలా, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు తవ్వడం మేలు. మట్టిలో మాగిన పశువుల ఎరువో వర్మీ కంపోస్టో మూడో వంతు కలపండి. డురాంటా అడుగు నుంచి అడుగున్నర ఎడంలో, మురయా అడుగున్నర నుంచి రెండడుగుల ఎడంలో, పొట్టి నూరువరహాలు అడుగు ఎడంలో పెట్టొచ్చు. పది మీటర్ల దడికి అర మీటరు ఎడం అయితే 21 మొక్కలు పడతాయి, రెండు మూడు అదనంగా తెచ్చి కుండీల్లో ఉంచుకోండి, మధ్యలో ఒకటి చనిపోతే అదే వయసు మొక్క చేతిలో ఉంటుంది. కవర్లో మట్టి ఎంత మట్టానికి ఉందో నేలలోనూ అంతే మట్టానికి నాటాలి, కాండం లోతుగా పూడ్చితే మొదలు కుళ్ళుతుంది.

ఇప్పుడు మనసొప్పని పని. వేళ్ళు కుదురుకుని కొత్త చిగురు కనబడగానే డురాంటా, మురయా మొక్కల్ని మూడో వంతు కోసేయండి. అప్పుడే కదా పెరగడం మొదలుపెట్టింది అనిపిస్తుంది, చేతులు రావు, నాకూ అలాగే ఉండేది. కానీ కొస తుంచిన చోట కిందున్న కణుపుల్లో నిద్రపోతున్న మొగ్గలు లేస్తాయి, ఒక కొమ్మ ఉన్న చోట రెండు మూడు వస్తాయి. ఈ పని చేయని దడి పైకి తొందరగా వెళ్తుంది, కింద మాత్రం బోడిగా ఉండిపోతుంది, పిల్లులు దర్జాగా దూరి వెళ్తుంటాయి. మీకు కావలసిన ఎత్తు వచ్చేదాకా ప్రతి జానెడు పెరుగుదలకూ సగం తుంచుతూ రండి.

రూపం విషయంలో ఒకే సూత్రం, కింద వెడల్పు, పైన ఇరుకు. ఐదడుగుల దడికి అడుగున రెండున్నర అడుగులుంటే పైన అడుగున్నర నుంచి రెండడుగులు. పై భాగం వెడల్పయితే కింది కొమ్మల మీద నీడ పడి ఆకు రాలుతుంది. కంటితో కుదరదు, రెండు కొసలా కర్రలు పాతి దారం కట్టి కోయండి. మిట్ట మధ్యాహ్నం ఎండలో కోయొద్దు, ఇన్నాళ్ళూ నీడలో ఉన్న లోపలి ఆకులు ఒక్కసారి ఎండకు మాడతాయి. ముందుగా లోపల పిట్టగూడు ఉందేమో చూసి, ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ భాగం వదిలేయండి.

మొదటి ఏడాది రోజూ పై పైన చల్లడం కంటే వారానికి రెండుసార్లు పాదు నిండా పోయడం మంచిది, వేరు లోతుకు దిగుతుంది. ఎండాకులు రెండంగుళాల మందం పరచండి, కాండానికి తగలనివ్వకండి. దడి మీద చీమలు బారులు కట్టి ఎక్కుతుంటే వాటిని తిట్టుకోకుండా అవి ఎక్కడికి వెళ్తున్నాయో చూడండి, కొమ్మ అడుగున పొలుసు పురుగో పిండినల్లో ఉంటుంది, ఆకు మీద మసి పట్టడానికి కారణం కూడా అదే. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట ఆకు అడుగు తడిసేలా కొడితే మొదట్లోనే అదుపులోకి వస్తుంది.

కొనేటప్పుడు ఎత్తుగా ఉన్న మొక్క వైపు చెయ్యి పోతుంది, ఆగండి. మూడడుగుల ఒంటి కొమ్మ మొక్క కంటే అడుగు ఎత్తులో మొదలు నుంచే నాలుగు కొమ్మలున్న మొక్క దడికి పదింతలు మేలు. అన్నీ ఒకే రకం, ఒకే వయసువి, ఒకే రోజు తీసుకోండి. ఒకదాన్ని కవర్లోంచి మెల్లగా జార్చి చూపించమని అడగండి. వేళ్ళు తెల్లగా మట్టిని పట్టుకుని ఉంటే తీసుకోండి, గోధుమ రంగులో తాడులా గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటే ఇంకో వరస చూపించమనండి.